తోమగా మిగిలిన ఊరి పేరు

సోమవారం కాలేజీకి పోతూ చూస్తే పాత్రలంగడి షట్టరు దించి ఉంది. కడప బజారులో ఆ షట్టరు పగటిపూట దించి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. "అంగడి తాత పోయినాడు పాపా, నిన్న సాయంత్రం," అంది పక్కన పూలమ్మే ఆమె, దండ కట్టడం ఆపకుండానే. ఆ దండ ఆయన కోసమే.

ఆయన నాకు చుట్టం కాదు. పోయినేడు అమ్మతో కలిసి పాత ఇత్తడి బిందె మార్చుకోవడానికి వెళ్ళినప్పుడు పరిచయం. అంగడంతా తళతళలాడుతుంటే, ఆయన వెనక ఉన్న అద్దాల బీరువాలో మాత్రం అన్నీ చిలుము పట్టిన వస్తువులు. సిపాయిల గుండీలు, బెల్టు బిళ్ళలు, సొట్టపడిన బాకా. జనం తూకానికి వేసిన పాత ఇత్తడిలోంచి, కరిగిపోకుండా ఆయన ఏరి దాచినవి. బీరువా తలుపుకు లోపలివైపు పాత అచ్చు నోటీసులు. సిపాయిల ఇనప పెట్టెల అడుగున పరిచిన కాగితాలట. "యావన్మందికీ" అన్న మాట మొదటిసారి చూసింది అక్కడే. రుచి చూస్తున్నట్టు పైకే చదివాను. ఆయన నవ్వి, మాది యా ఊరని అడిగారు. కమలాపురం అన్నాను. నవ్వు ఆగిపోయింది.

బీరువాలోంచి ఒక చెంబు తీసి నా చేతిలో పెట్టారు. పటాలం నంబరు, దాని కింద మేకుతో గీసిన తెలుగు అక్షరాలు. 'కమలాపురం' అని తెలుస్తోంది. పేరు ఉండాల్సిన చోట నున్నగా ఉంది.

"అంగడికొచ్చిన ఇత్తడిని చింతపండు, ఇటుకపొడి ఏసి తోమడం చేతికి అలవాటు. పేరు చూసే లోపల నేనే తోమేసినా పాపా," అన్నారు.

ఆ తర్వాత ఆ బీరువాలో దేన్నీ ఆయన తోమలేదు. మిగతావన్నీ తనకోసం దాచుకున్నవే. చెంబు మాత్రం ఆ సిపాయి ఇంటివాళ్ళది, వాళ్ళకు చేరాలి. చెంబు కోసం ఎవరొస్తారని ఇంట్లో వాళ్ళు ఎగతాళి చేసేవారట. చెంబు కోసం కాదు, పేరు చెప్పిపోవడానికి వస్తారని ఆయన అనేవారు.

వేసవిలో ఆ చెంబు గురించి ఒక నోటీసు అచ్చేయిద్దామన్నారు. రాసింది నేనే. 'అందరికీ' అని మొదలుపెడితే కొట్టేశారు.

"అందరికీ అని రాస్తే, ఎవురికి వాళ్ళు మనకు గాదులే అనుకుంటారు. యావన్మందికీ అని పెట్టు. ఇదేందబ్బా అని నిలబడి చదువుతారు."

మా ఊరి బస్టాండు గోడకు మైదా బంకతో అంటించాను. వీధుల్లో పెద్దవాళ్ళను అడిగాను. ఒకరు ఇంకొకరి ఇల్లు చూపించారు, వాళ్ళు మరొకరిది. ఎవరూ రాలేదు. కొన్నాళ్ళకు ఇద్దరం అలసిపోయాం. ఆయన అడగడం మానేశారు. నేను అంగడి మెట్లెక్కగానే నా మొహం చూసి, టీ చెప్పేవారు. మాటల మీద నాకింత ఇష్టం కలిగింది ఆ టీల దగ్గరే.

ఆ సోమవారం వాళ్ళింటికి వెళ్ళి ఆయన్ను చివరిసారి చూసి వస్తుంటే, వాళ్ళబ్బాయి ఆ చెంబును తువ్వాలులో చుట్టి తెచ్చారు. "నీ కాడే ఉండనీమ్మా. తోమొద్దని మా నాయన శానా మార్లు చెప్పినాడు."

ఇది చదివే మీ ఇళ్ళలో పటాలానికి పోయిన ముత్తాత ఎవరైనా ఉంటే, ఆయన పేరు ఒకసారి పెద్దవాళ్ళను అడగండి.

సాయంత్రం బస్సు దిగి గోడ దగ్గరికి వెళ్ళాను. మా నోటీసు మీద ఎవరో ట్యూషన్ల కాగితం అంటించారు. అడుగున ఒక్క వరుసే మిగిలింది: 'అంగడి తీసే ఉంటుంది, ఎప్పుడైనా రావచ్చు.' చెంబున్న సంచి భుజాన వేసుకుని, నిలబడి చదివాను.