దివాణం ముద్ర

రండి, ఆ పీట ఇలా దగ్గరికి లాక్కుని కూర్చోండి. గట్టిగా చెబితే మా ఇంట్లోవాళ్లకి వినిపిస్తుంది. ఆ రోజుల్లో మా చోడవరంలో, నిజం చెబితే లోకం మెచ్చుకుంటుందని నమ్మిన అమాయకురాలు ఒకతె ఉండేది. అది నేనే. ఏడో తరగతితో బడి మానేసి మా మావయ్య వెండి కొట్లో కూర్చునేదాన్ని. రాణి బొమ్మ ఉన్న పాత వెండి రూపాయిలు అక్కడికి వచ్చేవి. కొన్నిటి మీద చిన్న పువ్వు ముద్ర ఉండేది. పూర్వం జమీందారు దివాణంలో రూపాయిని పరీక్షించి, మంచిదని తేలితే ఆ ముద్ర కొట్టేవారట. అలాంటిది ఇంట్లో ఉంటే వాళ్ల తాతని జమీందారు పిలిచి బహుమానం ఇచ్చాడని గొప్ప. అందుకని దొంగ ముద్రలు కొట్టించుకున్నవాళ్లూ తక్కువేం కాదు.

"ఒసే, రూపాయి ఎంత అరిగిందో ముద్రా అంతే అరిగుండాల. రాణీగారి ముక్కు అరిగిపోయి, పువ్వు రేకు మాత్రం ఏలికి గుచ్చుకుందంటే అది తరవాత కొట్టిందే. తెలిసినా బయటికి సెప్పకు," అని మావయ్య నేర్పాడు. (ఆ చివరి ముక్క నా బుర్రకెక్కలేదు.) నెల తిరక్కుండా వీధిలో సగం ఇళ్ల పరువు తీశాను. 'ముద్రల డాక్టరమ్మ' అని పేరు పెట్టారు. అది మెచ్చుకోలే అనుకున్నాను.

అప్పుడే కె.కోటపాడు నుంచి పెళ్లివారు వచ్చారు. కుర్రాడు నాకు తెగ నచ్చాడు (తల వంచుకునే ఎంత చూడాలో అంతా చూశాను). వాళ్లూ మాడుగుల హల్వా రెండోసారి వేయించుకున్నారు కాబట్టి సంబంధం కుదిరినట్టే అనిపించింది. అంతలో కుర్రాడి తల్లి కొంగుముడి విప్పి ఒక రూపాయి తీసింది.

"నీకు ముద్రలు బాగా తెలుసంట కదమ్మా! ఇది మా మావగారికి దివాణంలో ఇచ్చింది. సూసి సెప్పు."

వేలితో తడిమాను. రాణీగారికి ముక్కూ లేదు, చెవీ లేదు. పువ్వు మాత్రం ఆ పొద్దున్నే పూసినట్టుంది. గుమ్మం దగ్గర మావయ్య దగ్గడం మొదలుపెట్టాడు. పాపం, హల్వా అడ్డుపడిందనుకున్నాను.

"దొంగదండీ," అన్నాను.

మా అమ్మ గోడకి చేరబడిపోయింది. "ఏటీ? మా వంశం మీదే మాటా? లెగండి, ఎలిపోదాం," అని కుర్రాడి తల్లి చెప్పుల కోసం వెతికింది. కుర్రాడు లేవలేక, కూర్చోలేక నడుం వంచి ఉండిపోయాడు. అతని మొహం చూశాక గానీ నా నోటితో నేనేం పోగొట్టుకున్నానో తెలియలేదు.

మూల కుర్చీలో అంతసేపూ కునుకుతున్న వాళ్ల మామ్మ కళ్లు తెరిచింది. "కూకోయే కోడలా. గుంట నిజమే సెప్పింది. మీ మావ దివాణం గుమ్మం ఏనాడు తొక్కేడు? నన్ను సూడ్డానికొచ్చే ముందు కంసాలి సేత కొట్టించేడు. ఆ ముద్ర సూసే మా బాబు నన్నిచ్చేడు."

"నీకెప్పుడు తెలిసిందే మామ్మా?" అన్నాడు కుర్రాడు.

"ఆ రోజే. పువ్వు ఏలికి గుచ్చుకుంది. మనిషి నచ్చేడని నోరు మూసుకున్నాను. ఈ గుంటకది సేతకాలేదు, అంతే."

ముందు కుర్రాడు నవ్వాడు. కొడుకుని చూసి తల్లీ నవ్వక తప్పలేదు. అయితే ముహూర్తానికి ముందే ఒక షరతు పెట్టింది: రూపాయి మాట గడప దాటకూడదు.

ఇప్పుడు ఆ రూపాయి నా దగ్గరే ఉంది. మా అబ్బాయికి సంబంధాలు చూస్తున్నాం. మొన్న వచ్చినవాళ్లు దాన్ని ఫోనులో ఫొటో కూడా తీసుకున్నారు. "జమీందారు గారు స్వయంగా పిలిచి ఇచ్చింది," అని నేనే చెప్పాను, ఒక్క మాట తడబడకుండా. చెబుతూ ఉంటే ఆనాటి ఆ పిల్ల గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది, ఆ అమాయకురాలి మీద కాస్త ముద్దూ వచ్చింది.

ఎప్పుడు నోరు మూసుకోవాలో, ఎప్పుడు విప్పాలో తెలిసిన పెద్దదిక్కు మీ ఇంట్లో నూరేళ్లు చల్లగా ఉండాలి తల్లీ.