రౌటర్‌కు గాలి మార్పు

మా పెదనాన్న దృష్టిలో చెడిపోయే వస్తువంటూ ఏదీ లేదు. అన్నీ జబ్బు పడేవే. ముప్పై నాలుగేళ్లు ఒక డాక్టరు గారి దగ్గర కాంపౌండరుగా చేసి మానేశారు. ఆసుపత్రి, మందుల వాసన అక్కడే ఉండిపోయాయి గానీ, "ఎప్పటి నుంచి?" అన్న ప్రశ్న మాత్రం ఆయన వెంట ఇంటికొచ్చేసింది. కుళాయి కారుతోందన్నా, కుర్చీ కాలు ఊగుతోందన్నా ముందు ఆ ప్రశ్నే. ఒకసారి పెద్దమ్మ "మీతో వేగలేకపోతున్నానండీ" అంటే, కళ్లజోడు సవరించుకుని "ఎప్పటి నుంచి?" అని అడిగారు. పెద్దమ్మ తారీఖుతో సహా చెప్పింది. అది వాళ్ల పెళ్లిరోజు.

ఉద్యోగం పోయి నేను వాళ్లింట్లో చేరి అయిదు నెలలైంది. ముందుగదిలో నేను, నా లాప్‌టాప్, నా దరఖాస్తులు. హాల్లో టీవీ పక్కన రౌటర్. దాని ఆరోగ్యం మొదటి నుంచీ అంతంతమాత్రమే. నేను నెట్ పోయిందని అరిస్తే, "పోయింది అనకూడదమ్మడూ, ఒంట్లో బాగాలేదు అనాలి" అని సరిదిద్ది, చెయ్యి తిరగేసి దాని మీద ఆనించి చూసేవారు. వేడిగా ఉంటే జ్వరం. ఎర్ర దీపం వెలిగితే కళ్లకలక. వైద్యం మాత్రం రెండింటికీ ఒకటే, స్విచ్ ఆపి పావుగంట విశ్రాంతి. మళ్లీ వేశాక దీపాలు ఒక్కొక్కటే పచ్చబడుతుంటే, నిదానంగా లేవమని, తొందరేం లేదని దానికి ధైర్యం చెప్పేవారు. తొందర నాకుండేది. నన్నెవరూ అడగలేదు.

పాస్‌వర్డ్ పెట్టిందీ ఆయనే. చీటీ మీద రాసి గోడకి అంటించారు. అన్నేళ్లు డాక్టరు గారి రాత చదివీ చదివీ ఆయన రాతా అలాగే తయారైంది. ఆయన ఊళ్లో లేని రోజున కొత్త ఫోనుకి పాస్‌వర్డ్ కావాల్సి వచ్చి, ఎంత తిప్పి చూసినా ఒక్కక్షరం పోల్చుకోలేక, చీటీ పట్టుకుని సందు చివరి మందుల షాపుకి వెళ్లాను. షాపాయన ఒక్క చూపు చూసి, తడుముకోకుండా పది మాత్రలు కవర్లో వేసి, రెండు పూటలా తిన్నాక వేసుకోమన్నాడు. అవి గ్యాసు మాత్రలు. పెద్దమ్మ వాడేసింది. బాగానే పనిచేశాయట.

ఇదంతా భరించవచ్చు. భరించలేనిది గాలి మార్పు. ప్రతి మంగళవారం, శుక్రవారం పొద్దున పది కొట్టగానే ఆయన రౌటర్ని చంటిబిడ్డలా ఎత్తుకుని, ఇరవై మీటర్ల వైరు ఈడ్చుకుంటూ, వంటగది మీదుగా వెళ్లి వెనక బాత్‌రూమ్ కిటికీలో పెట్టేవారు. లెక్కగా అరగంట. ఆ అరగంటా నా గదిలో సిగ్నల్ సున్నా. వైరు కాలికి తగిలి పెద్దమ్మ రెండుసార్లు పడబోయింది.

చివరికి నేనే నెట్ మెకానిక్‌ని పిలిపించాను. అతను వైరు కొస లాగి చూసి, జబ్బూ లేదు గిబ్బూ లేదు, మాటిమాటికీ లాగడం వల్ల పిన్ను వదులైందన్నాడు. సోమవారం కొత్తది వేస్తాననీ, అప్పటిదాకా రౌటర్ని కదపవద్దనీ చెప్పి వెళ్లాడు. పెదనాన్న పెదవి విరిచారు. కుర్ర డాక్టర్లు ఇంతేనట, ప్రతిదానికీ మంచం దిగొద్దంటారట.

సరిగ్గా ఆ వారమే నాకు పిలుపొచ్చింది. ఒక ఇంటర్నెట్ కంపెనీలో, నెట్ రాక ఫోన్ చేసేవాళ్లకి జవాబు చెప్పే ఉద్యోగం. ఆఖరి ఇంటర్వ్యూ, వీడియోలో. శుక్రవారం పదింటికి. అయిదు నెలల్లో ఇంతదాకా వచ్చింది ఇదొక్కటే. ఇదీ పోతే నా బతుకు బస్టాండే. అందుకే శుక్రవారం గాలి మార్పు లేదని పెదనాన్నకి గట్టిగా చెప్పేశాను.

ఆయన గడియారం వంక చూశారు. తర్వాత, పదకొండింటికి జరపమని అడిగి చూడకూడదా అన్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఒక్కపూట గాలి లేకపోతే అది చస్తుందా పెదనాన్నా?"

"చావదులే అమ్మా," అన్నారు తల దించుకుని. "నువ్వన్నట్టే కానీ."

గురువారం సాయంత్రం పక్కింటికి వెళ్లాను. అక్కడ బట్టలు కుట్టే ఆవిడ ఒక్కతే ఉంటుంది. సూది అరువు తీసుకుంటే దారం కూడా ఎక్కించి తిరిగిచ్చేంత మొహమాటస్తురాలు. నా ఇంటర్వ్యూ చొక్కా చేతులు పొట్టి చేసి, దారం కొరికి, నాకు అందిస్తూ అడిగింది.

"మీ రౌటర్‌కి ఎలా ఉందమ్మా ఇప్పుడు?"

నేను తెల్లబోయాను. ఆవిడే చెప్పుకొచ్చింది. భర్త ఓడలో వంటవాడు. వాళ్లకి మంగళవారం, శుక్రవారం పదింటికి ఒక్క అరగంట నెట్ ఇస్తారు. ఆవిడ ఇంట్లో సిగ్నల్ అందదు. సందు చివర ఎండలో నిలబడి, వచ్చేపోయేవాళ్లంతా వింటుండగా భర్తతో మాట్లాడుకునేది. ఒకరోజు మా పెదనాన్న చూశారు.

"ఆ మర్నాడే వచ్చి సాయం అడిగారమ్మా. రౌటర్‌కి జబ్బు చేసిందట. వారానికి రెండుసార్లు మా వైపు కిటికీలో పెడితే, ఎవరో ఒకరు అరగంట గట్టిగా వాడాలట. అప్పుడు గానీ కోలుకోదట. పెద్దాయన నోరు తెరిచి అడిగితే ఎలా కాదంటాను? ఒక్కసారి కూడా మానకుండా వాడుతున్నాను." గొంతు తగ్గించింది. "రేపు వాడతాను గానీ, తర్వాత నెలన్నర కుదరదు. ఓడ దూరం వెళ్తోంది, అక్కడ నెట్ ఉండదట. ఈలోగా దానికేమీ కాదు కదా?"

నాకు సిగ్గేసింది. నవ్వూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మొహం ఎలా పెట్టాలో తెలియక చొక్కా చూసుకుంటూ ఇంటికొచ్చేశాను.

పెదనాన్న రౌటర్ ఎదురుగా స్టూలేసుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం కూడా సరిగా తినలేదని పెద్దమ్మ చెప్పింది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా పెదనాన్నా?"

"రోగి సంగతి బయటపెట్టకూడదమ్మడూ," అన్నారు మెల్లగా. "తనకి సాయం చేస్తున్నామని తెలిస్తే ఆ పిల్ల మళ్లీ ఆ ఎండలోకే పోతుంది. రేపు ఏం చెప్పాలా అని చూస్తున్నాను. నీ ఉద్యోగం ముఖ్యం."

"రేపు రౌటర్‌తో పాటు నాకూ గాలి మార్పు కావాలి."

ఆయన కళ్లజోడు పైనుంచి చూశారు. "ఎప్పటి నుంచి?"

"ఇప్పటి నుంచే."

అలా నా ఇంటర్వ్యూ బాత్‌రూమ్‌లో జరిగింది. బోర్లించిన బకెట్ మీద నేను, స్టూలు మీద లాప్‌టాప్, నా వెనక తువ్వాళ్ల కడ్డీకి కట్టిన దుప్పటి. కుళాయి చుక్కల శబ్దం రాకూడదని పెద్దమ్మ ఇంటి మొత్తానికీ నీళ్లు కట్టేసింది. పెదనాన్న కిటికీ పక్కన నిలబడి, వదులైన పిన్నుని రెండు వేళ్లతో నొక్కి పట్టుకున్నారు. రెండో చేతిలో గడియారం. అచ్చం నాడి చూస్తున్నట్టే, అరగంట కదల్లేదు. కిటికీ అవతల నుంచి కుట్టుపనావిడ నవ్వు సన్నగా వినిపిస్తోంది.

మీ గొంతు భలే మోగుతోందే అన్నారు ఇంటర్వ్యూ చేసే మేడమ్. పెద్ద హాలండీ అన్నాను. ఆవిడ నమ్మి ఆఖరి ప్రశ్న వేశారు. నెట్ రాక మండిపడుతూ ఫోన్ చేసిన మనిషిని ముందుగా ఏమని అడుగుతారు?

అయిదు నెలల సావాసం. నోరు దానంతటదే కదిలింది.

"ఎప్పటి నుంచి ఒంట్లో బాగాలేదండీ?"

నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఆవిడ పకపకా నవ్వి, ఇన్నాళ్లలో ఇంత మర్యాదగా అడిగినవాళ్లని చూడలేదన్నారు. సోమవారం ఉద్యోగం కాగితం వచ్చింది.

అదే సోమవారం మెకానిక్ వచ్చి కొత్త పిన్ను బిగించాడు. రౌటర్ దీపాలన్నీ పచ్చగా వెలిగాయి. సంగతి విని కుట్టుపనావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అయితే నయమైపోయిందా బాబాయ్ గారూ? ఇంక నేను వాడక్కర్లేదా?" నవ్వుతూనే అడిగింది గానీ, మొహం చిన్నబోయింది.

పెదనాన్న చెయ్యి తిరగేసి రౌటర్ మీద ఆనించి, పెద్దగా నిట్టూర్చారు. "ఇప్పటికి తగ్గిందమ్మా. కానీ ఇది సరిగ్గా నెలన్నరకి తిరగబెట్టే రకం."

మెకానిక్ అలాంటిదేమీ లేదని చెప్పబోయాడు. పెద్దమ్మ అతని చేతిలో టీ గ్లాసు పెట్టి, బాత్‌రూమ్ దాకా గోడవారగా బిగించడానికి వైరు ఉందా బాబూ అని అడిగింది.