మా అన్న గోలీ, నా స్పీచు

ముందే చెప్త, మా అన్న ఇప్పుడు బాగున్నడు. మిగతాదంతా నా ఘనకార్యమే.

పోయినేడు కిషన్‌బాగ్ మలుపుల బైక్ మీదికెళ్లి పడితే అన్నకు ఆపరేషన్ చేసి ప్లీహం తీసేసిన్రు. డాక్టర్లు స్ప్లీన్ అంటరు గదా, అదే. అది లేకుంటే కొన్ని బ్యాక్టీరియాలు ఒంట్ల జొరబడితే తట్టుకునుడు కష్టమట. అందుకే టీకాలు రాసిచ్చిన్రు. ఒక్కటి గూడ తప్పకుండ దగ్గరుండి ఏపిచ్చింది నేనే. మా గౌలిపురల ఆ గొప్ప ఇనని ఇల్లు లేదు.

మొన్న ఆదివారం పొద్దున అన్నకు జ్వరం. రగ్గు కప్పినా పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. అమ్మ అల్మారలకెళ్లి యాంటీబయాటిక్ గోలీలు తీసింది. జ్వరమొస్తే ఇది ఏసుకొని వెంటనే దవాఖానకు రావాలని డిశ్చార్జ్ నాడు డాక్టరమ్మ తనకు చెప్పిందన్నది.

నేను గోలీ గుంజుకున్న. ఎందుకంటే ఈ మధ్యనే కాలేజీ డిబేట్ల నాకు ఫస్ట్ ప్రైజ్ వచ్చిన టాపిక్ ‘యాంటీబయాటిక్స్ దుర్వినియోగం’. టీకాలన్నీ పడ్డయి, ఇది మామూలు వైరల్, ఊకె మింగితే రేపు ఏ మందూ పనిచెయ్యదని మంచం ముందట నిలబడి మొదలువెట్టిన. అమ్మ నోరు తెరిస్తే నా పాయింట్ అయిపోలేదని ఆపిన. ఆటో తెస్తనని లేచిన బాపును గూడ కూసోబెట్టిన. అన్న రగ్గులకెళ్లి చెయ్యి లేపిండు. అబ్జెక్షన్ అనుకున్న. వాంతికి బకెట్ అడుగుతున్నడు.

అప్పుడు చూసిన, పెదాలు నీలంగ అయితున్నయి. నా స్పీచు అక్కడ్నే ఆగింది. గోలీ మింగిచ్చి ఆటోల పడ్డం. ‘భాయ్, జల్దీ’ తప్ప దారి పొడుగూత నాకు ఇంకో మాట రాలే.

దవాఖానల డాక్టరమ్మ సూది మందు ఎక్కిచ్చుకుంటనే చెప్పింది, టీకాలు ముఖ్యమే గని అన్ని బ్యాక్టీరియాలను ఆపయి, స్ప్లీన్ లేనోళ్లకు జ్వరమొస్తే గడియసేపు గూడ ఆగొద్దని. తర్వాత అడిగింది, "మరి ఇంత లేట్ ఎందుకైంది?"

అమ్మ, బాపు గోడ దిక్కు చూసిన్రు. అన్న కండ్లు మూసుకునే అన్నడు, "మా చెల్లె మాట్లాడుతుండె, మేడం."

జ్వరం దిగినంక సారీ చెప్దామని మంచం పక్కన కూసున్న. ‘అన్నా, అసలు నేను...’ అన్ననో లేదో, అమ్మ అడ్డమొచ్చింది.

"రెండు ముక్కలల్ల చెప్పు బిడ్డా, వాడు పండుకోవాలె."

రెండు ముక్కలల్ల చెప్పుడు నాకు రాదు. అందుకే ఏడ్చిన.