ఖాలా వాకిట్లో జ్వరం

మొన్న పొద్దున ఒక ఆశా వర్కరు అమ్మాయి మా గేటు గడియ చప్పుడు చేసింది. వికారాబాద్‌లో ఈ వానలకు డెంగీ జ్వరాలు ఎక్కువయ్యాయట, ఇంటింటికీ తిరిగి కనుక్కుంటున్నారు. "ఇంట్ల ఎవరికన్న జరం గిట్ల ఉందా మేడం?" అని అడిగింది. నేను క్షణం కూడా ఆలోచించకుండా "లేదు బిడ్డా, అందరం మంచిగున్నం" అన్నాను. సరిగ్గా అప్పుడే మా ఆయన లోపలి గదిలోంచి, రాత్రంతా ఆపుకున్న దగ్గునంతా ఒక్కసారే దగ్గాడు. ఆ అమ్మాయి నా మొహం చూసింది, నేను గోడ మీది గోరింట కొమ్మను చూశాను. లోపలికి వచ్చి ఆయన వేలి నుంచి రక్తపు చుక్క తీసుకుంటూ "మేడం, మీరే గిట్లంటే ఎట్ల?" అంది, కోపం లేకుండా. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో పిల్లల చేత ‘అబద్ధమాడరాదు’ అని కాపీ రాయించిన మనిషిని. అబద్ధం నా నోటికి ఇంత అలవాటుగా ఎట్లా వస్తుందా అని ఆ పూటంతా అనుకుంటూ కూర్చుంటే, తాండూరు, మా ఆడబిడ్డ గల్లీ, ఆ గల్లీలో ఖాలా కళ్ల ముందు మెదిలాయి.

మా ఆడబిడ్డ, అంటే మా ఆయన చెల్లెలు, తాండూరులో ఆశా వర్కరు. ఆమె ఉండేది నాపరాళ్లకు పాలిష్ పట్టే యూనిట్ల వెనక గల్లీలో. అక్కడ పొద్దుటి నుంచి రాళ్ల చక్రాల రొద ఆగదు. ఉతికి ఆరేసిన చీర తెల్లారేసరికి బూడిద రంగుకు తిరుగుతుంది, పప్పులో కూడా కాస్త రాతిపొడి తగులుతుంది. అయినా అక్కడి కందిపప్పు రుచి ఇంకెక్కడా రాదని మా ఆడబిడ్డ వాదన. చిన్న వయసులోనే భర్త పోతే, బిడ్డను పెంచి కర్ణాటక వైపు పెళ్లి చేసి పంపింది. ఆ రోజుల్లో ఆమెకు తోడుగా నిలబడింది పక్కింటి ముసలావిడ ఖాలా. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. గల్లీలో హిందువులు, ముస్లింలు, పసివాళ్లు, పండుముసలివాళ్లు అందరికీ ఆమె ఖాలాయే. పోలియో ఆదివారం వచ్చిందంటే మా ఆడబిడ్డ చుక్కల డబ్బా పట్టుకుని వెనక నిలబడేది, ఖాలా ముందు నడిచేది. "ఏయ్, నీ చిన్నోడేడి? మంచం కింద దాచినవా? తియ్ బయటికి" అని ప్రతి గుమ్మం ముందూ కేకేసేది. పెద్ద డాక్టరు సంతకానికి ఆ గల్లీలో ఎంత విలువ ఉందో నాకు తెలియదు గానీ, ఖాలా కేకకు మాత్రం చాలా ఉండేది.

కరోనా వచ్చిన రెండో ఏడు జనవరిలో టీకా సూదులు మొదట ఆరోగ్యశాఖలో పనిచేసేవాళ్లకే వేశారు. మా ఆడబిడ్డ సూది వేయించుకున్న సాయంత్రమే బస్సెక్కి వికారాబాద్ మా ఇంటికి వచ్చింది. చెప్పులు విడవకముందే రెండు దుప్పట్లు అడిగింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. "గల్లీల ఎవరన్న నన్ను గిట్ల జూస్తె ఒక్కరు గూడ సూదికి రారు వదినా. అందుకే ఉరికొచ్చిన" అంది వణుకుతూ. రెండు రోజులు పడుకుంది. మూడో రోజు పొద్దున లేచి జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు అడిగి మూడు రొట్టెలు తినేసింది. అంతే, జ్వరం కథ అయిపోయింది.

అయిపోయిందని వదిలేస్తే బాగుండేది. నేను వదల్లేదు. ఆమెకు ట్రైనింగులో ఇచ్చిన కాగితం ఒకటి సంచిలో ఉంది. సూది తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చని, ఈ సంగతి ముందుగానే చెప్పి గోలీలు ఇవ్వాలని అందులో శుభ్రంగా రాసి ఉంది. నేను ఎర్ర పెన్ను తీసి ఆ వాక్యాన్ని కొట్టేశాను. "జరమొస్తదని నువ్వే చెప్తె ఎవరొస్తరు? ఏం గాదు, చీమ కుట్టినట్టుంటది అని చెప్పు, చాలు" అన్నాను. బడి చూడటానికి పై అధికారి వస్తున్నాడంటే, అన్నీ బాగున్నాయని చెప్పమని పిల్లలకు ముందురోజే నేర్పించడం మాకు అలవాటు. నీళ్లు రాని నల్లా గురించి అడిగితే ఏమనాలో కూడా నేర్పేదాన్ని. అదే పద్ధతిలో మా వంటింట్లో ఆడబిడ్డను నిలబెట్టి, నేనే గల్లీ మనిషినై ప్రశ్నలడిగి, మూడుసార్లు చెప్పించాను. మొదటిసారి తడబడింది, మూడోసారికి బాగా వచ్చింది. శభాష్ అన్నాను కూడా. రెండు రోజులు ఎక్కడికి పోయావని అడిగితే వదిన దావత్‌కు పిలిచిందని చెప్పమన్నదీ నేనే.

ఏప్రిల్‌లో నలభై ఐదేళ్లు దాటిన వాళ్లందరికీ సూదులు మొదలయ్యాయి. జబ్బు కూడా అప్పుడే రెండోసారి విరుచుకుపడింది. మా ఆడబిడ్డ తడి బండల మీద జారి మడమ బెణికించుకుంది. సాయం ఉందామని నేను తాండూరు వెళ్లాను. ఆమె కుంటుకుంటూ ముందు, నేను జ్వరాలు రాసుకునే రిజిస్టరు పట్టుకుని వెనక. మూడో ఇంట్లో పాలిష్ చక్రం మీద పనిచేసే ఆయన, వాళ్లమ్మ ఉండేవారు. "సూదితోని ఏమన్న అయితదా అక్కా?" అని అతను అడిగాడు. "ఏం గాదు తమ్మీ, చీమ కుట్టినట్టుంటది. నాకేమన్న అయిందా, చూడు" అంది మా ఆడబిడ్డ, నేను నేర్పినట్టే. గుమ్మంలో కూర్చున్న వాళ్లమ్మ "నువ్వు ముందుగాల పోయి రా కొడుకా. నీకేం గాకుంటె ఎల్లుండి నేను పోత" అంది. అతను వెళ్లి వచ్చాడు. సాయంత్రానికి జ్వరం తగిలింది. అతనితో పాటు వెళ్లిన నలుగురిలో ఇద్దరికి కూడా తగిలింది.

ఏమీ కాదన్నాక జ్వరం వస్తే ఎవరైనా ఏమనుకుంటారు? సూదిలోనే జబ్బు పెట్టి ఎక్కించారన్నారు. అది గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి ఒక పూట పట్టింది. రెండు రోజులకు అతను లేచి మళ్లీ చక్రం మీదికి పోయాడు గానీ, జ్వరం వచ్చిన సంగతి పాకినట్టు తగ్గిన సంగతి పాకలేదు. మరునాటి నుంచి మేము వస్తున్నామంటే తలుపులు పడేవి. తలుపు వెనక నుంచే "మా ఇంట్ల ఎవ్వరికి జరం లేదు, పోండ్రి" అనేవారు. లోపల ఎవరో దగ్గుతుంటే టీవీ గొంతు పెంచేవారు. నేను రిజిస్టరులో పేరు పేరుకూ ఎదురుగా ‘లేదు’ అని గుండ్రంగా రాసేదాన్ని. మూడో ఇంటి తలుపు వెనక నుంచి అతను "అవ్వ మంచిగనే ఉన్నది, పండుకున్నది" అనేవాడు. అక్కడా ‘లేదు’ అని రాశాను. పది రోజులు రాశాను. ఎంత ముచ్చటైన రిజిస్టరో, ఒక్క కొట్టివేత లేదు.

పదకొండో రోజు పొద్దున మూడో ఇంటి ముందు ఆటో ఆగింది. ఆ తల్లిని ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. ఎనిమిది రోజుల నుంచి జ్వరమని, మూడు రోజుల నుంచి ఆయాసమని అప్పుడు తెలిసింది. చెబితే ఇంటి మీద కరోనా కాగితం అంటిస్తారని, సూది గురించి అబద్ధం చెప్పినవాళ్లు దవాఖాన గురించి మాత్రం నిజం చెబుతారా అని భయపడ్డారట. ఆమె తిరిగి రాలేదు, మధ్యాహ్నానికే పోయిందని కబురు వచ్చింది. మా ఆడబిడ్డ ఆ రోజు అన్నం ముట్టలేదు. "నా మాట నమ్మి పోయిండు వదినా. నమ్మినోనికి నేనేం జేసిన?" అని ఏడ్చింది. ఆ మాటలు నేర్పింది నేనేనని నోరు తెరిచి అనలేకపోయాను.

ఆ సాయంత్రం ఖాలా వచ్చింది. ఆమె కూడా అప్పటిదాకా సూది వద్దంటూనే ఉంది. షుగరు మనిషి, డెబ్బై దాటాయి, వేయించుకోవలసిన వాళ్లలో మొదట ఉండాల్సింది ఆమే. గల్లీ ఆడవాళ్లందరూ ఖాలా వేసుకుంటే చూద్దామంటున్నారు. ఆమె ఏమో "నక్కో" అని ఒక్క మాటతో తల అడ్డంగా ఊపేది. ఆ రోజు దుపట్టా ముక్కు మీదికి లాక్కుని, మాకు దూరంగా బండ మీద కూర్చుంది. "బేటీ, జనవరిల సూది ఏపిచ్చుకుని రెండు రోజులు కనవడకపోతివి. వదిన దావత్‌కు పిలిచింది అన్నవు. ఖరే చెప్పు, నీకు జరం వచ్చిందా లేదా?"

మా ఆడబిడ్డ నా వైపు చూసింది. నేర్పిన జవాబు ఆమె నోట్లో సిద్ధంగానే ఉంది. నేనే చెప్పాను. "వచ్చింది ఖాలా. రెండు రోజులు. మూడో రోజు తగ్గింది. చెప్పొద్దన్నది నేనే. తప్పు నాది."

ఖాలా నాతో కాదు, మా ఆడబిడ్డతోనే మాట్లాడింది. "సూదికి నాకేం భయం లేకుండె. కాన్పులప్పుడు ఇంతకంటె పెద్ద సూదులు చూసిన. చుక్కలేస్తె పోరడు ఏడుస్తడా అంటె, ఏడుస్తడు ఖాలా అని చెప్పెటిదానివి. గందుకే నీ ముంగట నేను నడిచిన. గీసారి ఏం గాదంటూ నీ కండ్లు కింద పడ్డయి. గది చూసి భయమయింది. ఝూట్ ఎందుకు బేటీ? జరమొస్తదంటె తట్టుకోలేనంత పిరికోళ్లమా మేము?"

ముప్పై ఏళ్లలో ఏ పై అధికారీ నన్ను అలాంటి ప్రశ్న అడగలేదు.

మరునాడు ఖాలా ఆటో పిలిపించుకుంది. రంజాన్ రోజులే అయినా షుగరు వల్ల ఆమె రోజా ఉపవాసాలు ఉండటం లేదు. ఆటో ఎక్కుతూ, ప్రతి గుమ్మానికీ వినపడేలా పోలియో గొంతుతో "సూదికి పోతున్న. రేపు నాకు జరమొస్తది. వచ్చి చూడుండ్రి" అంది. తిరిగి వచ్చి నులక మంచం ఇంట్లో కాదు, వాకిట్లో వేయించుకుంది. చుట్టూ ఇళ్లన్నీ జ్వరాన్ని తలుపుల వెనక దాచుకుంటున్న రోజుల్లో ఆమె తన జ్వరాన్ని బజారులో పెట్టింది. జ్వరం రానే వచ్చింది. మా ఆడబిడ్డ గంట గంటకూ చూసి పైకే చెప్పేది. మంచం పక్కన గోడకు ఆనించి ఒక నల్ల నాపరాయి ఉంది. నేను సుద్దముక్కతో దాని మీద రాశాను: పొద్దున నూటొకటి, మధ్యాహ్నం నూటరెండు, గోలీ వేశాక నూరు. ఒక్క అంకె కూడా దాచలేదు. జనం దూరం నుంచి, మూతులకు దస్తీలు కట్టుకుని, నాపరాయిని చదివి పోయేవారు. చదవడం రానివాళ్లకు ఖాలాయే మంచంలోంచి "నొప్పులు మస్తు ఉన్నయి, మోకాళ్లల్ల ఎక్కువ" అని వివరం ఇచ్చేది. ఆ వివరాల్లో సగం పదేళ్ల నాటి మోకాళ్ల నొప్పులవే అయినా, నేను దిద్దలేదు.

ఆ రెండు రోజులు ఆ మంచం వైపే చూస్తూ ఉన్నాను. డెబ్బై దాటిన మనిషి, షుగరు, ఏదైనా తేడా వస్తే ఆ గల్లీ మొహం మేము ఇక చూడలేం, మా మొహం మేమూ చూసుకోలేం. మూడో రోజు పొద్దున తొంభై ఎనిమిది. ఆ అంకెను మిగతా వాటికంటే పెద్దగా రాశాను. ఖాలా లేచి కూర్చుని చాయ్ అడిగింది, చక్కెర ఎక్కువ వేయమంది, మా ఆడబిడ్డ వేయనంది, ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట వింటే ప్రాణం లేచి వచ్చింది. మధ్యాహ్నానికి తొమ్మిది మంది ఆధార్ కార్డులు పట్టుకుని వచ్చారు. "మాకు గూడ జరమొస్తదా?" అని ఒకామె అడిగింది. "రావొచ్చు అక్కా. వస్తె రెండు రోజులుంటది. గోలీలు ఇస్త. తగ్గకుంటె తలుపు ఏసుకోకుండ నన్ను పిలువు" అంది మా ఆడబిడ్డ. ఈ మాటలు ఎవరూ నేర్పినవి కావు, ఎక్కడా తడబడలేదు.

అందరూ వెళ్లాక మూడో ఇంటి అతను వచ్చాడు. గుండు చేయించుకున్న తల మీద అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి. నాపరాయి ముందు నిలబడి పై నుంచి కింది దాకా చదివాడు. "నాకు గూడ గిట్లనే రెండు రోజులుండె" అన్నాడు. ఇంకాసేపు నిలబడి, మా ఆడబిడ్డ వైపు చూడకుండానే, "గీ మాట ముందుగాలనే చెప్పుంటె మా అవ్వ గూడ సూదికి వస్తుండె, నేను తలుపు తీస్తుంటి అక్కా" అన్నాడు.

అతని గొంతులో నిష్ఠూరం లేదు. నా దగ్గర జవాబు ఉంది. సూది పనిచేయడానికి వారాలు పడుతుంది, ఆమె అన్న ఆ ఎల్లుండే వేయించుకున్నా బతికేదని ఏ డాక్టరూ చెప్పలేడు. అది నిజమే. కానీ తలుపు తెరిచి ఉంటే మొదటి రోజే ఆమె నుదుటి మీద మా చెయ్యి పడేది, అదీ నిజమే. అందుకే నోరు మూసుకున్నాను. మా ఆడబిడ్డ చేతులు జోడించింది. అతను వద్దన్నట్టు తలాడించి, వరుసలో తన రెండో సూది ఎప్పుడో కనుక్కుని వెళ్లిపోయాడు.

రెండు రోజులు జ్వరం వస్తుంది, తర్వాత పోతుంది అని చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు. ఆ అర నిమిషం ఆదా చేశాననుకున్నాను, ఇన్నేళ్లయినా అది నాకు గడవడం లేదు.