ఆదివారం పుట్టని పిల్లలు

నా చిన్నప్పుడు మా అరకు కొండల్లో బిడ్డ ఏ రోజు పుడితే ఆ రోజు పేరే పెట్టేవారు. సోమవారం పుట్టిన పిల్ల సోమ్రి, బుధవారం పుట్టినవాడు బుద్రా. మా తమ్ముడు ఆదివారం పుట్టాడు కాబట్టి ఆది. మా ఊరి ఆసుపత్రి డాక్టరుగారికి ఇదంతా నవ్వులాట. వీళ్లకి పేర్లకి కూడా కరువేనని కాంపౌండరుతో చెప్పి నవ్వేవాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆయన శనివారం మధ్యాహ్నం రైలెక్కి విశాఖపట్నం దిగిపోతే మళ్లీ మంగళవారం గాని కొండెక్కేవాడు కాదు. ఉన్న రోజుల్లోనైనా పురుడంటే నర్సక్కే చూసుకోవాలి. నర్సక్క ఆసుపత్రి వెనక గదిలో ఒంటరిగా ఉండేది. కింద ఊళ్ల మనిషి, పూర్తి నర్సు చదువు చదివి పరీక్ష పాసై వచ్చింది. మా తమ్ముడి కాళ్లు ముందు బయటికొచ్చి అందరూ ఆశ వదులుకున్నప్పుడు, వానలో, పొంగి పారుతున్న గెడ్డ దాటి మా ఇంటికొచ్చి అమ్మనీ వాణ్ణీ బతికించింది ఆవిడే.

ఆ మరుసటేడు నర్సక్క పైచదువుకి అర్జీ పెట్టుకుంది. అది చదివితే నర్సులకి పాఠాలు చెప్పే ఉద్యోగం, ఇంచుమించు రెట్టింపు జీతం, ఆ తర్వాత మేట్రను దాకా దారి. తల్లినీ చెల్లెళ్లనీ పోషిస్తున్న మనిషికి అది చిన్న విషయం కాదు. అయితే సొంతంగా చేసిన పురుళ్లు ఆసుపత్రి పుస్తకంలో కనబడాలి. తీరా చూస్తే, ఇళ్లకెళ్లి చేసిన వాటితో సహా ప్రతి పురుడు పక్కనా డాక్టరుగారి పేరే ఉంది. డాక్టరు ఊళ్లో ఉన్న రోజులకి సరిపడేలా కాంపౌండరు తేదీలు కూడా జరిపేశాడు. ఆ పుస్తకాన్ని నమ్మితే మా కొండల్లో ఆదివారం, సోమవారం ఒక్క బిడ్డా పుట్టలేదు! ఇదేమిటని ఆవిడ అడిగితే, బిడ్డ బతికింది కదా, పేరెవరిదైతే ఏం అన్నాడట ఆయన.

అర్జీ సంగతి చూడటానికి పై ఆఫీసరు ఒకాయన శుక్రవారం సంత రోజున వచ్చాడు. సంతకొచ్చిన తల్లులు పిల్లల మందుల కోసం ఆసుపత్రి వరండాలో కూర్చున్నారు. వాళ్లలో అమ్మ ఉంది, తమ్ముణ్ణి చంకనేసుకుని నేనూ ఉన్నాను. ఆయన డాక్టరుగారి పక్కనే కూర్చుని పుస్తకం తిరగేసి, నీ పేరెక్కడా లేదేమ్మా అన్నాడు నర్సక్కతో. నర్సక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, వాదించనూ లేదు.

"నా మాట వద్దండి. ఆ వరండాలో ఉన్న పిల్లల పేర్లు అడగండి. పుస్తకంలో వాళ్లు ఏ రోజు పుట్టారో చూడండి," అంది, అంతే.

ఆయన మా తమ్ముడి పేరు అడిగాడు. అమ్మ ఆది అని చెప్పింది. ఆయన పుస్తకంలో అమ్మ పేరు వెతికి, పక్కనున్న తేదీ చూసి, క్యాలెండరు తిప్పి, బుధవారం పుట్టినట్టుందే అన్నాడు. ఎప్పుడూ తలెత్తి మాట్లాడని మా అమ్మ లేచి నిలబడింది.

"బుధోరం పుడితే బుద్రా అని పెట్టనేటి బాబూ? ఆదోరం పుట్టినాడు గాబట్టే ఆది. ఆ దినం డాక్టరుబాబు ఎక్కడున్నాడో ఆయన్నే అడగండి. నా కాడున్నది ఈ నర్సమ్మే!"

పక్కనున్నావిడ "నా గుంట సోమ్రి బాబూ" అంటూ పిల్లని ముందుకి తోసింది. ఆ వెనక ఇంకో ఆది, ఇంకో సోమ్రా వచ్చారు. తను ఎగతాళి చేసిన పేర్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి వినబడుతుంటే డాక్టరు మొహం మాడిపోయింది.

ఆఫీసరు అక్కడికక్కడే అర్జీ మీద సంతకం చేశాడు. నర్సక్కకి సీటొచ్చింది. డాక్టరునీ కాంపౌండరునీ మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. కొన్నాళ్లకి ఆయన కోరుకున్న పట్నానికే బదిలీ చేయించుకుని దర్జాగా వెళ్లిపోయాడు. తన పని తనదేనని చెప్పుకోవడానికి ఆవిడ చంటిపిల్లల్ని సాక్షులుగా తెచ్చుకోవాల్సి వచ్చింది. ఇదేం న్యాయం?

తర్వాత నేనూ నర్సునయ్యాను, ఆవిడ దగ్గరే పాఠాలు నేర్చుకుని. మేట్రనుగా రిటైరయ్యేదాకా పురుళ్ల పుస్తకం రోజూ నేనే చూసేదాన్ని. పురుడు పోసిన నర్సు పేరు లేకపోతే, ఎంత పెద్ద డాక్టరు సంతకం ఉన్నా సరే, పేజీ తిప్పనిచ్చేదాన్ని కాదు.

తమ్ముణ్ణి బడిలో వేసినప్పుడు మాస్టారు మంచి పేరేదైనా రాస్తానన్నాడు. అమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. "ఆ పేరు మార్సేత్తే నర్సమ్మ సేసిన పని ఎవులు సెప్తారు?" అంది. వాడికిప్పుడు మనవలున్నారు. నేను ఆదీ అని పిలిచినప్పుడల్లా పలుకుతాడు, ఆ ఆదివారం వానలో గెడ్డ దాటిందెవరో నాకు గుర్తొస్తుంది.