వదినగారి ఆకుపచ్చ పళ్ళు

ఆ ఇంటి చిన్నల్లుడు వెబ్ పేజీలు తయారుచేస్తాడు. ఈ సంగతి పెళ్ళయినప్పటి నుంచీ మామగారికి చెబుతూనే ఉన్నారు, ఎక్కితేగా! బస్సు డిపోలో ఇంజన్లు విప్పి బిగించిన మనిషాయన. చేతికి నూనె మరక అంటకుండా, కుర్చీ దిగకుండా చేసేది ఏదైనా ఆయన లెక్కలో కాలక్షేపమే. ఎవరైనా అల్లుడి సంగతి అడిగితే “ఇంట్లోనే ఉంటాడండీ” అనేసి ఊరుకునేవారు. ఆ మాట విన్నప్పుడల్లా అల్లుడికి ఒళ్ళు మండేది. పైకి మాత్రం నవ్వేవాడు, ఏం చేస్తాడు పాపం.

అందుకే వదిన, అంటే భార్య అక్క, పళ్ళ ఆసుపత్రి తెరుస్తూ పేజీ చెయ్యమనగానే ఎగిరి గంతేశాడు. ప్రారంభం రోజున నలుగురి ముందూ పెద్ద టీవీలో దాన్ని చూపిస్తారు. ముందు వరసలో మామగారు కూర్చుంటారు. తను చేసేదీ పనేనని ఆయన చేత ఒక్కసారి అనిపించుకోవాలి. అంతకు మించి అతనికి వేరే కోరిక లేదు.

వదినకి లేత ఆకుపచ్చ ఇష్టమని పేజీ అంతా ఆ రంగే పరిచాడు. ఆవిడ పంపిన లోగో వెనక మాత్రం ఒక తెల్ల చదరం అతుక్కుని ఎబ్బెట్టుగా ఉంది. దానికి మందు అతని దగ్గరుంది. రంగుకీ, నీడకీ, అంచుకీ ముందే తయారుచేసి పెట్టిన చిన్న చిన్న మాటలుంటాయి, క్లాసులంటారు. బొమ్మకి ఒకటి తగిలిస్తే చాలు, మిగతాది బ్రౌజరే చూసుకుంటుంది. మల్టిప్లై అనే క్లాసు తగిలిస్తే బొమ్మలోని తెలుపు కింది రంగులో కలిసిపోతుంది. తగిలించాడు, చదరం మాయమైంది. తన భుజం తనే తట్టుకున్నాడు. కాకపోతే తొందరలో ఆ మాటని లోగోకి కాక, లోగో ఉన్న పెట్టెకి, అంటే పేజీలో ఆ గడి మొత్తానికీ తగిలించాడు. ప్రారంభం రోజు పొద్దున వదిన ఫొటో పంపితే, దాన్నీ అదే పెట్టెలో పడేసి స్నానానికి పరిగెత్తాడు.

టీవీ వెలిగింది. తెరమీద వదిన నిండుగా నవ్వుతోంది. తెల్లకోటు ఆకుపచ్చగా ఉంది, సరే, ఆపరేషను గౌను అనుకోవచ్చు. పళ్ళకి ఏ సాకూ లేదు.

“డాక్టరమ్మకే పాచి పట్టిందేమిటే!” అంది వెనక వరసలో ఓ పెద్దావిడ. హాలంతా గొల్లుమంది. వదిన గబుక్కున చేత్తో నోరు మూసుకుంది, అసలు పళ్ళు ముత్యాల్లా ఉన్నా సరే.

“మరిదిగారూ, ఏమిటండీ ఇది?”

“ఒక్క నిమిషం వదినా!”

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. ల్యాప్‌టాప్ తెరిచాడు. మామగారు లేచి వచ్చి వెనకే నిలబడ్డారు. గబగబా పెట్టెకున్న మాట చెరిపి, లోగోకి తగిలించాడు. టీవీలో పళ్ళు తళతళా తెల్లబడ్డాయి.

“ఏం చేశావయ్యా?” అన్నారు మామగారు.

“ఒక మాట తప్పుచోట పెట్టానండి. తీసి సరైన చోట పెట్టాను.”

“ఒక్క మాటకేనా మా అమ్మాయి పళ్ళు అలా అయిపోయింది?”

“అవునండి.” తల దించుకున్నాడు. ఉన్న కాస్త పరువూ గంగలో కలిసిందనుకున్నాడు.

“ఒక బోల్టు తప్పుగా బిగిస్తే మా బస్సులూ నడిరోడ్డు మీద ఆగిపోయేవి. ఎంతమంది చేత తిట్లు తిన్నానో!” అన్నారాయన మెల్లగా. “ఇంకెక్కడైనా పొరపాటు ఉందేమో చూడు.”

అప్పుడే హాల్లోకి వచ్చిన ఎదురింటాయన అల్లుణ్ణి పలకరించబోయాడు. మామగారు చెయ్యి అడ్డం పెట్టారు.

“మా చిన్నల్లుడండీ. పనిలో ఉన్నాడు, కాసేపు కదిలించకండి.”