శుక్రవారం కీర్తన

ఎం.ఏ. సంగీతం చదవడానికి క్రోసూరు నుంచి నరసరావుపేట వచ్చి ఒక ఇంటి మేడమీద గదిలో అద్దెకు దిగాను. పొద్దున్నే సాధకం చేస్తే తిడతారేమోనని భయపడ్డాను గానీ, ఇంటావిడ పిన్నిగారు మురిసిపోయారు. ప్రతి శుక్రవారం పూజలో నాచేత అమ్మవారి కీర్తన పాడించుకునేవారు. దాన్ని రికార్డు చేసి ఫోన్‌లో రింగ్‌టోన్‌గా కూడా పెట్టుకున్నారు.

ఒక శుక్రవారం నేను పాడుతుండగా మా నాన్న పచ్చిమిరపకాయల సంచితో వచ్చాడు. గుమ్మంలో నిలబడి, చర్చిలో పలకరించుకునే అలవాటు కొద్దీ, "వందనాలమ్మా" అన్నాడు.

పిన్నిగారు హారతి పళ్లెం కింద పెట్టేశారు.

"ఏందమ్మాయ్, మీరు వాళ్లా? ఇన్నాళ్లూ చెప్పలేదే?"

"మీరు అడగలేదు పిన్నిగారూ."

"ఇంత బాగా పాడుతుంటే అడగాలని ఎట్టా తోస్తది?"

నెలాఖరుకు గది ఖాళీ చేయమన్నారు. "నా నోరు పడిపోను, నా వల్లే కదా తల్లీ" అని నాన్న మెట్లు దిగేదాకా అంటూనే ఉన్నాడు.

మొన్న కూరగాయల మార్కెట్లో వెనక నుంచి నా గొంతే వినపడి ఉలిక్కిపడ్డాను. పిన్నిగారి ఫోన్ మోగుతోంది. నన్ను చూసి మొహం తిప్పుకుని, ఫోన్ ఎత్తి మాట్లాడుకుంటూ వెళ్లిపోయింది.

నన్ను ఖాళీ చేయించింది గానీ, నా గొంతును మాత్రం ఇంకా ఉంచుకుంది.